గంపగుత్త పాపాలు

ఎండ.

రేకుల పైన ఎండ. రేకుల కింద ఎండ. గోడలోంచి, నేలలోంచి, కుట్టుమిషను ఇనుప చక్రంలోంచి కూడా ఎండే.

నగరం అంచున హూడి రైలుపట్టాల అవతల వరసగా కట్టిన రేకుల షెడ్లలో చివరిది పుల్లమ్మది. పొద్దెక్కేసరికి పైన రేకులు చిటపటమంటాయి. ఆదోని వైపు నుంచి మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు ఈ ఊరి చల్లదనాన్ని ఆమె మొగుడు సుంకన్న ఎంత మెచ్చుకున్నాడో! వేసవిలో దుప్పటి కప్పుకుని పడుకునే ఊరే ఇది, అన్నాడు. ఇప్పుడు ఆ చల్లదనం లేదు. సుంకన్నా లేడు.

పుల్లమ్మ ముందు తెల్లగుడ్డ పరిచి ఉంది.

కత్తెర చేతిలో ఉంది. చెయ్యి కదలడం లేదు.

అది బాప్తిస్మం అంగీకి తెచ్చిన గుడ్డ. పట్టాల ఇవతల ఉన్న ప్రార్థన మందిరంలో ఎవరు నీళ్ళలో మునిగినా వాళ్ళ అంగీ పుల్లమ్మే కుడుతుంది. వారమంతా గార్మెంట్సులో ఎవరెవరివో కాలర్లు కుట్టి, మిగిలిన కాస్త ఓపికతో ఇవి కుడుతుంది. పొడుగు చేతులు. మడమల దాకా పొడవు. తడిస్తే ఒళ్ళు కనబడకుండా ఛాతీ దగ్గర రెండు పొరలు. కింద అంచులో నట్ల కింద వేసే చిన్న చిన్న ఇనుప వాషర్లు పెట్టి మడిచి కుట్టాలి — లేకపోతే నీళ్ళలోకి దిగగానే అంగీ పైకి తేలుతుంది, దేవుడి ఎదుటే పరువు పోతుంది. ఈ వాషర్ల ఉపాయం ఆమెదే.

ఎందరికో కుట్టింది. ఎవరికి కుట్టేటప్పుడూ చెయ్యి ఆగలేదు.

ఈ ఆదివారం మునిగేది వెంకటరాయప్ప.

వెంకటరాయప్ప... సుంకన్నను మురుగు గుంటలోకి దింపిన మనిషి.

అదీ ఆదివారమే. అదీ ఎండాకాలమే.

మారతహళ్ళిలో ఒక పెద్ద అపార్టుమెంటు. అక్కడ ఊడ్చే పని, కడిగే పని అంతా వెంకటరాయప్ప కాంట్రాక్టు. సుంకన్న, పాపయ్య అతని కింద పనివాళ్ళు. ఇళ్ళలోని మురుగంతా చేరే గుంట ఒకటి నేల కింద ఉంటుంది. పైన ఇనుప మూత. ఆ రోజు మోటారు పట్టేసింది. పై అంతస్తుల్లో నీళ్ళు వెనక్కి తన్నుతున్నాయి. ఫోన్ల మీద ఫోన్లు. మురుగు తోడే మిషను బండిని పిలవచ్చు. పిలిస్తే అది వచ్చేసరికి సాయంత్రం అవుతుంది. మనిషైతే చేతికిందే ఉన్నాడు.

"దిగప్పా, ఏమీ కాదు. ఐదు నిమిషం పని" అన్నాడు వెంకటరాయప్ప.

ముందు పాపయ్య దిగాడు. దిగిన పాపయ్య ఎంత పిలిచినా పలకలేదు. అప్పుడు వెంకటరాయప్ప సుంకన్న వైపు తిరిగాడు. సుంకన్న నడుముకు తాడు కట్టుకుని దిగాడు. లోపల ఆ తాడు విప్పి పాపయ్యకు కట్టాడు. పైన వెంకటరాయప్ప, అతని మనుషులు లాగారు. పాపయ్య వచ్చాడు. కళ్ళు తేలేసి, కక్కుకుంటూ, ప్రాణంతో వచ్చాడు.

తాడు మళ్ళీ వేశారు.

కట్టుకునే మనిషి లేడు.

పోలీస్ స్టేషన్లో వెంకటరాయప్ప ఏం చెప్పాడు? తాగి ఉన్నాడు సార్ అని చెప్పాడు. వద్దన్నా వినలేదు సార్, తనంతట తానే దిగాడు సార్ అని చెప్పాడు. పాపయ్యను ఆసుపత్రి నుంచి అటే రైలెక్కించి ఊరికి పంపేశాడు. రైలెక్కే ముందు పాపయ్య పుల్లమ్మకు ఫోన్ చేసి ఏడ్చాడు. "అన్న తాగల్యాక్కా. దిగమని ఆయప్పే చెప్పినాడక్కా." అంతే. ఆ తర్వాత ఆ నంబరు మోగలేదు.

తాగి గుంటలో పడి చచ్చాడు... షెడ్లన్నీ అదే నమ్మాయి. కొళాయి దగ్గర అదే మాట. కొట్టు దగ్గర అదే మాట. పాపం పుల్లమ్మ అంటారు, వెంటనే గొంతు తగ్గించి తాగుడు గురించి ఒక ముక్క కలుపుతారు. ఆమె కాదని చెబితే జాలిగా తల ఊపుతారు. మొగుణ్ణి వెనకేసుకురాని ఆడది ఉంటుందా అన్నట్టు ఊపుతారు.

ఛీ! మనిషిని చంపింది చాలలేదు. మనిషి పేరును కూడా అదే గుంటలో తోసి మూత పెట్టారు.

మందిరం వాళ్ళు మంచివాళ్ళు. ఆ మాట దాచడం అన్యాయం.

సుంకన్న పోయాక షెడ్డు తలుపు తట్టింది వాళ్ళే. బియ్యం తెచ్చారు. కొడుకు చావు విని ఊరి నుంచి వచ్చి మంచాన పడ్డ అత్త చెన్నమ్మను పాస్టరు దేవరాజ్ తన బండి మీద కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు. గార్మెంట్సులో పని ఇప్పించింది ఆయన భార్య. బదులుగా ఏమీ అడగలేదు. పుల్లమ్మే సిగ్గుపడి ఒక ఆదివారం వెళ్ళి చాప మీద కూర్చుంది.

మొదట కృతజ్ఞతతో వెళ్ళింది. తర్వాత నరకం కోసం వెళ్ళింది.

అవును, నరకం కోసమే.

దేవరాజ్ నరకం గురించి చెప్పినప్పుడు తక్కిన ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పుల్లమ్మ కడుపు చల్లబడింది. అక్కడ మంట ఆరదట. ఆరకూడదు. అక్కడ స్టేషను ఉండదు. తాగి ఉన్నాడు సార్ అంటే తల ఊపి రాసుకునేవాడు ఉండడు. అలాంటి చోటు ఒకటి ఉండాలి. లేకపోతే ఈ వెంకటరాయప్పల సంగతి ఎవరు తేల్చాలి?

చిన్నప్పుడు ఆమె విన్నది యముడి నరకం. నూనె మూకుళ్ళు, ముళ్ళ చెట్లు, కొరడాలు. అబద్ధమాడిన నాలుకకు ఒక శిక్ష, దొంగిలించిన చేతికి ఒక శిక్ష. ఎవరు చేసినదానికి వాళ్ళకే. పెద్దమనిషైనా తప్పదు. ఈ నరకమూ అదే అనుకుంది. పేరు మారింది, ఊరు అదే అనుకుంది. ఆదివారం ఆదివారం వెళ్ళి, కళ్ళు మూసుకుని, ఆ మంటల్లో వెంకటరాయప్పను నిలబెట్టి చూసుకుంది. ఎంత హాయిగా ఉండేదో.

అది తన పొరపాటని ఎవరూ చెప్పలేదు.

తెలిసిన రోజు కూడా ఎండే. మందిరం రేకులు కూడా చిటపటమంటున్నాయి. ప్రసంగం మధ్యలో దేవరాజ్ గొంతు పెంచాడు. మన మధ్యనే ఒకడు తాగి మురుగులో పడి చచ్చాడు, రక్షణ లేకుండా పోయాడు, ఇప్పుడు ఎక్కడున్నాడో ఆలోచించండి అన్నాడు. నోరు జారాడో, మంచికే చెబుతున్నాననుకున్నాడో. పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా. చాపల మీది తలలన్నీ పుల్లమ్మ వైపు తిరిగాయి.

అందరూ వెళ్ళిపోయాక ఆమె ఆయన దగ్గరికి పోయింది.

"అయ్యగారూ, నా మొగుడు తాగల్యా. ఇంగొకని ప్రాణం నిలబెట్టి పోయినాడు. అట్లాంటోడు యాడికి పోతాడు?"

దేవరాజ్ చేతిలోని బైబిలు మూసి పక్కన పెట్టాడు.

"మనం చేసే మంచి పనుల వల్ల కాదమ్మా. నమ్మడం వల్లనే. ఇది నేను పెట్టిన రూలు కాదు" అన్నాడు.

ఆయన గొంతులో కనికరం ఉంది. ఆ కనికరంతోనే సుంకన్నను తీసుకుపోయి మంటల్లో వేశాడు.

ఇంటికి వచ్చి అత్తకు చెప్పింది. చెన్నమ్మకు సుంకులమ్మ తల్లి తప్ప వేరే దేవుడు తెలియదు. మందిరం గడప తొక్కలేదు. చేటలో బియ్యం చెరుగుతున్నదల్లా ఆగింది.

"నా కొడుకు నరకంలో ఉండాడా? ఎవురు పోయి సూసొచ్చినారంట? దావ తెలిసినోడు గదా, పోయి పిల్చకరమ్మను!" అని బియ్యాన్ని అంత ఎత్తున ఎగరేసింది. సగం గింజలు నేలపాలయ్యాయి. పుల్లమ్మకు నవ్వు వచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. ఇద్దరూ కూర్చుని గింజలు ఏరుకున్నారు.

అయినా మందిరం మానలేదు. మానితే ఎక్కడికి పోవాలి? కష్టంలో తలుపు తట్టిన మనుషులు వాళ్ళొక్కరే.

ఆ మందిరానికే వెంకటరాయప్ప వచ్చాడు.

గుండెపోటు వచ్చి, చావు తప్పి, భయం పట్టుకుని వచ్చాడు. చిక్కిపోయిన చేతులతో మైకు పట్టుకున్నాడు.

"నేను పాపిని అన్నల్లారా, అక్కల్లారా. ఘోరమైన పాపిని. నేను చెయ్యని పాపం లేదు!"

స్తోత్రం, స్తోత్రం అన్నారు జనం.

చెయ్యని పాపం లేదట. ఎంత గడుసు మాట! అన్నీ చేశానంటే ఏ ఒక్కటీ చెప్పనక్కర్లేదు. గంపగుత్తగా ఒప్పుకుంటే గంపగుత్తగా మాఫీ. ఆ గంపలో ఎక్కడో అడుగున సుంకన్న ఉన్నాడు. పేరు లేకుండా ఉన్నాడు. తాగుబోతుగానే ఉన్నాడు. పైన ఇంకేవేవో పాపాలు పరిచి, పైన కండువా కప్పి, ఇదిగో తండ్రీ మొత్తం తీసుకో అని పెట్టేశాడు.

ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. పుల్లమ్మకు అదే ఇంకా మండింది. దొంగ ఏడుపైతే ఉమ్మేసి ఊరుకునేది.

దేవుడు క్షమించేశాడట.

ఎవరినడిగి?

గుంటలో ఊపిరాడక పోయినవాణ్ణి అడిగాడా? కొడుకు కోసం రోజూ ఒక ముద్ద పక్కన తీసిపెట్టే ముసలిదాన్ని అడిగాడా? ఒకరికి తగిలిన దెబ్బను ఇంకొకరు ఎలా క్షమిస్తారు? దేవుడైతే మాత్రం?

దింపినవాడు పరలోకానికి.

దిగినవాడు నరకానికి.

ఇదేం న్యాయం తండ్రీ... ఇదేం న్యాయం?

ఆ గుంట చాలలేదా? ఆ చీకటి, ఆ కంపు, ఊపిరి అందని ఆ ఛాతీ... అదంతా అయ్యాక మళ్ళీ మంటా? వాడు ఏం చేశాడని? తన నడుం తాడు విప్పి ఇంకొకడికి కట్టాడు. అదా పాపం?

నిన్న మిట్టమధ్యాహ్నం వెంకటరాయప్ప కొలతలకు వచ్చాడు.

బండి దూరంగా ఆపి నడిచి వచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. గుమ్మంలో నిలబడి "బాగుండావామ్మా?" అన్నాడు.

పుల్లమ్మ మిషను వైపు తిరిగింది. చెన్నమ్మ అతన్ని ఎన్నడూ చూసింది కాదు. ఎవరో అంగీ కోసం వచ్చిన మనిషి అనుకుంది.

"ఏం నాయనా, ఎండన పడి వచ్చినట్లుండావే. కూసో" అని కుండలో నీళ్ళు ముంచి చెంబు చేతికిచ్చింది. అతను నిలబడే గటగటా తాగాడు. ఇంకో చెంబు అడిగాడు. ఇచ్చింది.

పుల్లమ్మ టేపు తీసింది. భుజం కొలిచింది. చెయ్యి కొలిచింది. పొడవు కొలిచింది. ఛాతీ కొలవాలంటే టేపు వీపు వెనక నుంచి తిప్పి ముందుకు తేవాలి. తెచ్చింది. లోపల గుండె కొట్టుకుంటోంది. వేళ్ళకు తెలుస్తోంది. సుంకన్న గుండె ఆగిపోయింది, ఇది కొట్టుకుంటోంది. టేపు కాస్త బిగించింది... వదిలేసింది.

"దేవుడు నన్ను క్షమించేసినాడమ్మా" అన్నాడు అతను మెల్లిగా. "నువ్వు గూడా మనసులో ఏమీ పెట్టుకోవద్దు."

"ఏం పెట్టుకోగూడదు? చెప్పండి."

అతను ముఖం తుడుచుకున్నాడు. కుండ వైపు చూశాడు. చెన్నమ్మ వైపు చూడలేకపోయాడు.

"అదేనమ్మా... పాతది" అన్నాడు.

పాతది! సుంకన్న పాతదయ్యాడు. విడిచేసిన చొక్కా అయ్యాడు.

అతను వెళ్ళిపోయాక పుల్లమ్మ అత్తకు చెప్పింది, వచ్చిందెవరో. చెన్నమ్మ ఖాళీ చెంబు వైపు చూస్తూ ఉండిపోయింది.

"ముందే తెలిసింటే నీళ్ళు ఇయ్యకపోతుంటివా అత్తా?"

"ఎందుకియ్యను? దప్పికన్నోనికి నీళ్ళియ్యకుండా ఎట్లుంటారే? ఇస్తుంటి. ఇచ్చి అడుగుతుంటి. నా కొడుకును ఎందుకు దింపితివప్పా అని మొగం మీదనే అడుగుతుంటి."

ఆ చెంబును వీధిలోకి తీసుకుపోయి తోమడం మొదలుపెట్టింది. తోమిందే తోమింది.

తెల్లగుడ్డ అలాగే పరిచి ఉంది.

చివరికి కత్తెర కదిలింది. ముందు భాగం కత్తిరించింది. వెనక భాగం కత్తిరించింది. చేతులు అతికించింది. మిషను చప్పుడు, పైన రేకుల చప్పుడు. కింద అంచు దగ్గరికి వచ్చేసరికి ఒక బుద్ధి పుట్టింది. వాషర్లు పెట్టకపోతే? తొట్టిలో దిగుతాడు, అంగీ మొలపైకి తేలుతుంది, కాంట్రాక్టరు కాళ్ళు కొట్టుకుంటూ నిలబడతాడు, పిల్లాపెద్దా నవ్వుతారు. ఆ దృశ్యం తలుచుకుంటే పెదవి మీదికి నవ్వు వచ్చింది కూడా. కాసేపు ఆ నవ్వుతోనే కూర్చుంది.

తర్వాత డబ్బాలోంచి వాషర్లు తీసి వరసగా పెట్టి కుట్టేసింది. ఆమెకు కావలసింది అతని పరువు పోవడం కాదు.

ఆదివారం.

పొద్దున్నే ఎండ. మందిరం వెనక సిమెంటు తొట్టి. ట్యాంకరు అప్పుడే దింపి వెళ్ళిన నీళ్ళు, చల్లటి నీళ్ళు. గట్టు చుట్టూ జనం. షెడ్లన్నీ అక్కడే ఉన్నాయి. తలుపు తట్టి బియ్యం తెచ్చినవాళ్ళూ, కొళాయి దగ్గర గొంతు తగ్గించినవాళ్ళూ ఉన్నారు. చెన్నమ్మ రాలేదు.

వెంకటరాయప్ప తొట్టిలో దిగాడు. అంగీ ఎక్కడా తేలలేదు. నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయి. దేవరాజ్ పక్కనే నిలబడి ఒక చెయ్యి అతని వీపు మీద వేశాడు.

ఆ మందిరంలో దేవరాజ్ పెట్టిన ఆనవాయితీ ఒకటి ఉంది. ముంచే ముందు గట్టు మీది వాళ్ళని మూడుసార్లు అడుగుతాడు, ఈ మనిషి మీద ఎవరికైనా ఏమైనా ఉందా అని. అందరూ లేదు అంటారు. మూడో లేదు వినగానే ముంచేస్తాడు. ఉంది అన్నవాళ్ళు ఇంతవరకూ లేరు. పిల్లలు బళ్ళో ఎక్కం అప్పజెప్పినట్టు అనేస్తారు. పుల్లమ్మా ఎన్నిసార్లో అనేసింది, ఎవరి గురించి అడుగుతున్నారో సరిగా వినకుండానే.

"ఈ సహోదరుని మీద ఎవరికైనా ఏమైనా ఉందా?"

"లేదు."

"ఈ సహోదరుని మీద ఎవరికైనా ఏమైనా ఉందా?"

"లేదు."

వెంకటరాయప్ప కళ్ళు మూసుకున్నాడు.

"ఈ సహోదరుని మీద ఎవరికైనా ఏమైనా ఉందా?"

"ఉండాది."

ఎవరో తడబడ్డారనుకుని ఒకరిద్దరు నవ్వారు. పుల్లమ్మ జనాన్ని తోసుకుని గట్టు మీదికి వచ్చింది. నవ్వు ఆగిపోయింది.

"తర్వాత మాట్లాడుకుందాం సహోదరీ" అన్నాడు దేవరాజ్.

"తర్వాత ఏముంటాది అయ్యగారూ? మునిగినాక పాపాలుండవని మీరే చెప్పినారు గదా. ఉండంగనే అడగాల."

దేవరాజ్ చెయ్యి వెంకటరాయప్ప వీపు మీద అలాగే ఆగిపోయింది.

పుల్లమ్మ ఇన్నాళ్ళూ మింగిన మాటలన్నీ గొంతు దాకా వచ్చి నిలబడ్డాయి. వాటిలో ఒకటే తీసింది.

"చెయ్యని పాపం ల్యాదంటివి. అన్నీ నాకొద్దు. ఒక్కటి చెప్పు. పేరు పెట్టి చెప్పు."

మీరు అనే మాట ఎక్కడ జారిపోయిందో ఆమెకు తెలియదు.

వెంకటరాయప్ప కళ్ళు తెరిచాడు. దేవరాజ్ వైపు చూశాడు. దేవరాజ్ నీళ్ళలోకి చూసుకున్నాడు. వెంకటరాయప్ప పెదవులు కదిలాయి.

"గట్టిగా చెప్పు. ఎనకాల ఉండేవాళ్ళకు వినపడల్యా."

"నేనే దిగమన్నా!" అన్నాడు వెంకటరాయప్ప. గొంతు పగిలింది. "సుంకన్న తాగి ఉండలేదు. ఇద్దర్నీ నేనే దింపినా. స్టేషన్లో చెప్పిందంతా అబద్ధం."

స్తోత్రం అనేవాళ్ళు ఒక్కరూ అనలేదు. కొళాయి దగ్గర గొంతు తగ్గించిన ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. వెనక ఎవరో ముక్కు చీదారు.

సుంకన్న పేరు పైకి వచ్చింది. శుభ్రంగా వచ్చింది.

కడుపు చల్లబడుతుందనుకుంది పుల్లమ్మ. చల్లబడలేదు. పేరు వచ్చింది. మనిషి ఇంకా అక్కడే ఉన్నాడు — వీళ్ళు వేసిన మంటలో.

ఆమె పాస్టరు వైపు తిరిగింది.

"ఇప్పుడు మీరు చెప్పండి అయ్యగారూ. ఈయప్పను ముంచుతారు. లేస్తాడు. పరలోకం పోతాడు. పోనీండి, నేను అడ్డం రాను. మరి నా మొగుడు యాడుండాడు?"

దేవరాజ్ నోరు తెరిచాడు. ప్రతి ఆదివారం మైకులో తడుముకోకుండా చెప్పే మాటే అది. ఖాళీ మందిరంలో ఆమె ఒక్కదానికీ చెప్పిన మాటే. పట్టపగలు, ఇంతమంది ముందు, సుంకన్నను దింపినవాడి వీపు మీద చెయ్యి వేసుకుని అది చెప్పాలి.



జనం ఆయన నోటి వైపు చూస్తున్నారు. నీళ్ళలో మనిషి కూడా ఆయన నోటి వైపే చూస్తున్నాడు. అందరికంటే ఆశగా చూస్తున్నది అతనే.

ముంచమని ఎవరూ అనలేదు. బయటికి రమ్మనీ ఎవరూ అనలేదు.

పొద్దెక్కుతోంది. గట్టు మీద కాళ్ళు కాలుతున్నాయి. ఎవరూ కదలడం లేదు. నీళ్ళలో వెంకటరాయప్ప వణుకుతున్నాడు.

రేకుల మీద ఎండ. నీళ్ళ మీద ఎండ. మునుపటిలా 'లేదు' అనలేని ఆ నోళ్ళ మీద ఎండ...

పుల్లమ్మ జవాబు కోసం నిలబడే ఉంది.